చౌడు మీద వేసిన నింద

కారంపూడి దగ్గర అమ్మకు ఒక ఎకరం ఉంది. మిరపకోతలకు పోయి సొంతంగా కొనుక్కున్నది. చౌడు నేల కాబట్టే ఆమెకు అందింది. ఎండాకాలం పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అయినా ఆ ఎకరమంటే అమ్మకు ఎక్కడలేని గర్వం.

యూరియా చల్లిన మర్నాడు ఆ చేలో ముక్కు మండేది. "ఈ నేల తినదురా, కక్కుద్ది" అనేది అమ్మ. ఆ మాట ఎంత నిజమో రైతుల శిక్షణకు వెళ్ళినప్పుడు తెలిసింది. చౌడులో యూరియాలోని నత్రజని చాలావరకు అమ్మోనియా అయి గాలిలో కలిసిపోతుందట. మిగిలినదాన్ని మొక్కకు అందేలా మార్చే సూక్ష్మజీవులేమో ఉప్పుకు తట్టుకోలేవు. పశువుల ఎరువుతో పాటు ఆ జీవుల్లో ఉప్పును తట్టుకునే రకాన్ని కూడా నేలకు ఇవ్వమన్నారు. ఆ జీవులున్న ద్రావణం ఒక సీసా తెచ్చాను.

"ఈ ఒక్క ఏడాది చూద్దాం. కాకపోతే జామాయిల్ వేసేద్దాం" అన్నాను. జామాయిల్ వేస్తే ఇక ఆ చేలో అమ్మకు పనుండదు. అయినా సరేనంది.

ఆ ఏడాది వేసిన పత్తికి వేరుకుళ్ళు కనిపించింది. మా వైపు మిరపకు మూడు నాలుగు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టడం అలవాటు. ఆ అలవాటుకొద్దీ తెగులు మందు కలిపిన నీళ్ళలోనే సీసా వంచేసి మొదళ్ళు తడిపాను. ఒక్కసారికే రెండు పనులూ తెమిలాయని సంబరపడ్డాను కూడా. తెగులును చంపే మందు ఈ జీవుల్ని బతకనిస్తుందా? తెగులు మందులతో కలపొద్దని ఖాళీ సీసా మీద రాసింది చదివేసరికి వారం దాటింది.

ఎవరికీ చెప్పలేదు. పత్తి ఆకులు పసుపుబారి, చేను గిడసబారింది. అమ్మ గట్టున కూర్చుని నేలను నోటికొచ్చినట్టు తిట్టింది. చివరికి జామాయిల్ మొక్కలు కూడా తనే పురమాయించింది. నాకు సిగ్గేసింది.

మొక్కలు వచ్చే ముందురోజు అన్నం తింటూ చెప్పేశాను. అమ్మ ముద్ద కంచంలో పెట్టేసింది.

"నోరు లేందని దాని మీదికి తోశావా? ఏడాది పొడుగూతా నాచేత తిట్టించావు గదరా!"

జామాయిల్ వద్దని కబురు చేసింది. మరుసటి ఏడాది ద్రావణాన్ని పశువుల ఎరువులో కలిపి, నీడన తడి గోతాలు కప్పి మాగనిచ్చి చల్లాం. యూరియా సగానికి తగ్గించి మట్టిలో కప్పెట్టాం. మర్నాడు అమ్మ చేలోకి దిగి, వంగి వాసన చూసింది.

"తింటందిరా" అంది.

వాసన తగ్గడంలో కప్పిన మట్టి పాలెంతో, ఆ జీవుల పాలెంతో నేను చెప్పలేను. పైమూల ఇంకా తెల్లగానే ఉంది. మిగతా చేను మాత్రం పచ్చగా లేచింది.

ఇప్పుడా ద్రావణానికి వేరే డ్రమ్ము ఉంది. దాన్ని అమ్మే కడుగుతుంది. నన్ను ముట్టుకోనివ్వదు.