మంచు కింద మూడు దెబ్బలు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. పైగా నేను పనిచేసిన వేసవి నెలల్లో అంటార్కిటికాలో పొద్దు గూకదు. దయ్యం వచ్చినా దానికి డ్యూటీ టైము దొరకదు.

నా పని, గడ్డకట్టిన సముద్రానికి రంధ్రం వేసి, మంచు అడుగున పెరిగే కంటికి ఆనని నాచును తీసుకురావడం. మంచు దిమ్మను పైకి లాగితే దాని అడుగు చాయ్ మరకలా కనిపిస్తుంది. అక్కడి జీవులన్నిటి తిండికీ మొదలు అదే. బెల్లంపల్లిలో మా అవ్వ (మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం) మాత్రం "నాచు కోసం గంత దూరమా?" అని ఇప్పటికీ అడుగుతుంది.

మా నాన్న, అదే మా బాపు, బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరయ్యాడు. లోపలికి దిగిన ప్రతిసారీ కర్రతో పైకప్పును కొట్టి వినేవాడు. మూడు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. గట్టిగా మోగితే ముందుకు, డొల్లగా మోగితే వెనక్కి. బయట కూడా అదే అలవాటు: అద్దె ఇంటి స్లాబు, పుచ్చకాయ, ఫలితాల రోజు నా తల. తల గురించి ఆయన అభిప్రాయం ఇక్కడ రాయను.

మంచు మీదా అంతే, ఇనుప కడ్డీతో పొడుస్తూ నడవాలి. ఆ మధ్యాహ్నం నేను పొడవలేదు. నిన్నటి నా అడుగుజాడలే కదా అనుకున్నాను.

కాళ్ళ కింద చప్పుడైంది. మూడు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. డొల్లగా.

ఆగిపోయాను. వెనక వస్తున్న సహచరుడికి ఏమీ వినపడలేదట. ముందుకు వంగి పొడిస్తే కడ్డీ పిడి దాకా దిగింది. ఇంకో రెండడుగులు వేసి ఉంటే నాచును కింది నుంచే చూసేవాణ్ని.

మంచు చప్పుడు చేయడం మామూలే. అంతవరకు నాకు అభ్యంతరం లేదు.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. నేనేమీ చెప్పకముందే అవ్వ అందుకుంది. "మీ బాపు పగటీలి బువ్వ తిని పండుకున్నడు రా. దిగ్గున లేసి కర్రతోని నేలను కొట్టిండు. టైలు పలిగింది. గిన్నేండ్లల్ల గీ మనిషి నేలను కొట్టంగ నేను సూడలే."

అక్కడికీ ఇక్కడికీ గడియారంలో పెద్ద తేడా లేదు; నా కాళ్ళ కింద చప్పుడైనదీ ఆ వేళకే.

బాపు ఫోన్ తీసుకున్నాడు. "కప్పు మంచిగనే ఉన్నది రా. నేలనే డొల్లగ అనిపించింది. నువ్వైతే మంచిగున్నవా?"

"మంచిగున్న బాపు" అన్నాను.

సెలవుకు వచ్చాక ఆయన కర్రతో ఇల్లంతా కొట్టి చూశాను. ఎక్కడా డొల్ల లేదు. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

పలిగిన టైలు మార్పిద్దామని అవ్వ పోరుతోంది. ఆ ఒక్కటి ఉండనీ అన్నాను. దాని మీద మాత్రం నేను కాలు పెట్టను.