ఈనెపుల్లతో గీసిన కనుబొమలు

మా మనవరాలు పొద్దున్నే ఆఫీసుకు పోయే ముందు అద్దం దగ్గర నిలబడి, పెన్సిల్ మూత తీసి కనుబొమలు దిద్దుకుంటుంటే ఆ మైనం వాసన నా మంచం దాకా వస్తుంది. ఒక వెంట్రుక ఎక్కువైందని పీకి, ఒకచోట పలచగా ఉందని పూసి, తుడిచి, మళ్లీ గీసి, ఆ తిప్పలు చూస్తుంటే చూసే నాకే నడుం నొప్పి పుడుతుంది. "ఎంతసేపే తల్లీ" అంటే వినదు. విననీలే, ఎవరితోనూ వాదించే ఓపిక నాకిప్పుడు లేదు. కానీ ఆ వాసన వచ్చినప్పుడల్లా ఎనభై ఏళ్ల కిందటి ఆముదం వాసన కూడా వస్తుంది, పొమ్మన్నా పోదు.

పుంగనూరులో మాది మట్టి మిద్దె. యుద్ధం రోజులు కాబట్టి కిరసనాయిలు దొరక్క ఇంటినిండా ఆముదపు దీపాలే. గోడలకు మసి, గూళ్లకు జిడ్డు, పొద్దున లేస్తే మా ముక్కుల్లో కూడా నలుపే. ఇంటికి పెద్ద మా అవ్వ, నాయనకు తల్లి. రాగిసంకటి ముద్ద ఎవరికి ఎంత పడాలో, ఉలవచారు ఎవరికి చిక్కగా పోయాలో అన్నీ ఆమె కనుసన్నల్లోనే జరిగేవి. ఆ ఇంటికి కుప్పం నుంచి మా చిన్నాయన భార్యగా వచ్చింది మునిరత్నం చిన్నమ్మ.

ఆమె కనుబొమలు ముక్కు దగ్గర మొదలై సగం దూరం పోయి ఆగిపోయేవి. చిన్నప్పుడు విషజ్వరం వచ్చి జుట్టంతా ఊడిందట, జుట్టయితే మళ్లీ వచ్చింది గానీ బొమల చివర్లు రాలేదట. ఆ రోజుల్లో బొమల చివర్లు రాలిపోతే జనం దానికి ఒకే అర్థం చెప్పుకునేవాళ్లు, పెద్దరోగం అని. కుష్టు అన్న మాట నోటితో పలకడానికి కూడా భయమే. అవ్వ కంట పడితే ఆ ఇంట్లో చిన్నమ్మకు చోటుండదు. చిన్నాయనకు తెలుసో లేదో, తెలిసినా నోరు విప్పే మనిషి కాదాయన.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అద్దం పంచలో, నాయన గడ్డం గీసుకునే చోట మేకుకు వేలాడేది. కోడలుపిల్ల దాని ముందు నిలబడే కాలమా అది? అందుకే రోజూ తెల్లారగానే పెరటి కొట్టంలో, ఆవుదూడ పక్కన గోనెపట్ట మీద కూర్చుని, ఏడేళ్ల నా చేతికి కాటుక డబ్బీ ఇచ్చేది. దీపం మీద బోర్లించిన ఇత్తడి పళ్లేనికి పట్టిన మసిని గీకి, రెండు చుక్కల ఆముదంతో నూరి, చీపురు ఈనెతో సన్నగా వెంట్రుక వెంట్రుకగా గీయాలి. జిడ్డు మెరవకుండా పైన వేలికొసతో కాస్త విభూతి అద్దాలి. "రెండూ సమంగా ఉండాయా అమ్మీ? బాగా సూడు" అని ఊపిరి బిగబట్టి అడిగేది. ఉండాయంటే నా నోట్లో బెల్లంముక్క పెట్టేది. నాకేమో ఆ బెల్లం కంటే నా పనితనం మీదే గర్వం ఎక్కువ.

గంగజాతర ఊరినంతా ఊపేసేది. అంబలి కుండలు, వేపమండలు, డప్పులు, ఎండకు కాలే వీధుల్లో తడిసిన పసుపు చీరలు. జాతర మరునాడు మా వీధి ఆడవాళ్లు వసంతాలాడేవాళ్లు. పసుపూ సున్నం కలిపిన ఎర్రటి నీళ్లు వదినా మరదళ్లు ఒకరి మీద ఒకరు పోసుకోవడం. చిన్నమ్మ మాత్రం మూడేళ్లుగా గోడవారకు తప్పుకునేది. "కుప్పం దానికి పొగురు" అని మిగతావాళ్లు ఆమె వైపే వెళ్లేవాళ్లు కాదు.

ఎలాగైనా ఆమెనూ ఆటలో కలపాలని నాకు ఆశ. ఆ ఏటి వసంతాల పొద్దున నేనొక ఉపాయం చేశాను. తలకు ఆముదం పెట్టుకుంటే నీళ్లు జారిపోతాయి కదా, బొమలూ అంతేననుకుని కాటుకలో ఆముదం ఎక్కువ పోసి గీశాను, విభూతి అద్దనే లేదు. చెంబు నిండా వసంతం తెచ్చి, ఎగిరి ఆమె ముఖాన కొట్టాను. నిజంగానే బొమలు చెక్కు చెదరలేదు! నేను గంతులేస్తుండగా, కళ్లు మండి, చిన్నమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది.

నలుపంతా చెంపలకు పాకింది. అవ్వ దగ్గరికొచ్చి, గడ్డం పట్టి పైకెత్తి, చెయ్యి కాలినట్టు వదిలేసింది. "ఇంతకాలం ఈ చేత్తోనే నాకు కూడు పెట్టినావా మే?" అంది. వీధిలో ఆడవాళ్లు చెంబులు పట్టుకుని ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

మూడోనాడు చిన్నాయన వెంట, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సులో మదనపల్లె మిషను ఆసుపత్రికి పోయాం; ఏడ్చి ఏడ్చి నేనూ వెంటపడ్డాను. డాక్టరమ్మ చిన్నమ్మను కళ్లు మూసుకోమని ఈకతో ఒకచోట, గుండుసూదితో ఒకచోట తాకింది. పెద్దరోగముంటే తాకింది తెలియదట; ప్రతిసారీ చిన్నమ్మ "ఈడ, ఈడ" అంటూ సరిగ్గా చెప్పింది. రోగం లేదని కాగితం రాసిచ్చారు. దారి పొడుగునా ఆమె ఆ కాగితాన్ని రవికలో దాచుకుని చేత్తో అదుముకుంటూనే ఉంది. అవ్వ దాన్ని ముట్టుకోలేదు. "కాగితానికేం తెలుస్తాది" అని చిన్నమ్మ కూడు తినే తట్ట తెచ్చి కొట్టంలో వేరుగా పెట్టింది. చిన్నాయన తల వంచుకుని సంకటి తిన్నాడు. ఆ వంచిన తల మీద నాకిప్పటికీ కోపమే.

నెల తిరక్కుండా చిన్నమ్మను తీసుకుపోను వాళ్లన్న కుప్పం నుంచి వచ్చాడు. బయలుదేరేటప్పుడు నేను డబ్బీ పట్టుకుని పరిగెత్తాను. "ఇంగ గీసేది యాల అమ్మీ, అందురూ సూసినారు కదా" అని, చెంగు తలమీదికి లాక్కోకుండా వీధి పొడుగునా నడిచిపోయింది.

నాకు పెళ్లయి కుప్పం దగ్గర కాపురం పెట్టాక వెతుక్కుంటూ వెళ్లాను. అన్న ఇంట్లో చింతపండు గింజలు తీస్తోంది. బొమలు గీసుకోలేదు, పుట్టినప్పటినుంచీ చూసిన ఊరు, అక్కడ ఎవరికీ ఆ ముఖం వింతకాదు. చిన్నాయన మారుపెళ్లి సంగతి నేనెత్తలేదు, ఆమె అడగలేదు. చివరికి నేనే ఆగలేక, "నీళ్లు పోసింది నేనే కదా చిన్నమ్మా" అని ఏడ్చాను.

"ఏడుస్తావెందుకు? ఆ ఇంట్లో మూడేండ్లుండాను. నా మింద వసంతం పోసింది నువ్వొక్కదానివే" అంది.

ఇప్పుడు ఆ మిద్దె లేదు, కొట్టం లేదు, అవ్వా చిన్నాయనా ఎప్పుడో పోయారు, చిన్నమ్మా పోయింది. ఇంట్లో కాటుక పట్టేవాళ్లూ లేరు. ఆమె నన్ను క్షమించిందో, ఓదార్చిందో నాకు తెలియదు. అడగడానికి ఒక్క మనిషైనా మిగల్లేదు.