మేనమామ సెలవుకు చోటు లేని సర్వర్

2023 వేసవి. గల్ఫ్‌లో, అల్ రయ్యాన్ అనే ఊళ్ళో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ. అక్కడి సర్వర్లు చూసుకునేది నేను. సర్వర్ గదిలో ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, బయటి నుంచి వచ్చినవాడి చెమట గడ్డకట్టి టపటపా నేల మీద రాలేది. నమ్మకపోతే మానేయండి. మిగతాదంతా నిజమే.

ఒక గురువారం పొద్దున సెలవుల సిస్టమ్ ఆగిపోయింది. సర్వర్‌లోని డిస్కును పార్టిషన్లుగా, అంటే భాగాలుగా, విడగొడతాం. అక్కడి వక్రా ఊళ్ళో పెద్ద విల్లాను ప్లైవుడ్ గోడలతో గదులు చేసి అద్దెకిస్తారే, అలా. సిస్టమ్ నడిచే సి డ్రైవ్ నిండిపోయింది. దాని పక్క గది డి డ్రైవ్. అందులో నిండా మా మేనేజర్ ఎడారి దిబ్బల మీద కారు దూకించిన వీడియోలే.

కాసేపటికే మల్లేశ్ వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, సైటులో కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే షట్టరింగ్ పని. సెలవు ఎప్పుడో మంజూరైంది, సాయంత్రమే ఫ్లైటు. కానీ సిస్టమ్ నుంచి సెలవు కాగితం రానిదే ఆఫీసువాళ్ళు టికెట్ చేతికివ్వరు.

"అన్నా, ఎల్లుండి వేములాడల మా అక్క కొడుక్కు పుట్టెంట్రుకలు. మేనమామను నేనొక్కన్నే. నా ఒళ్ళె కూసుంటెనే కత్తెర వెడ్తరు."

మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. గుంటూరాయన. మేనమామ ఒడి అంటే ఏమిటో ఆయనకు నేను చెప్పక్కర్లేదు. వీడియోలు వేరే డిస్కుకు మారుద్దామన్నాను.

"వాటి జోలికెళ్ళకయ్యా. డిని కాస్త కుదించి సిని పెంచు. పది నిమిషాల పని."

కుదరదని చెప్పాను. డిని కుదిస్తే చోటు దాని అవతలి చివర ఖాళీ అవుతుంది. సికి కావలసింది ఇవతలి గోడ పక్కన. డిని మొత్తం ఖాళీ చేసి, చెరిపేసి, సిని పెంచి, మిగిలినచోట డిని మళ్ళీ కట్టాలి.

"అయితే శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం చూద్దాంలే. పిల్లాణ్ణి వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే జుట్టు తెగదా ఏంటి?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అరిస్తే నా ఉద్యోగం పోతుంది, వీడియోలు మాత్రం ఉంటాయి. అందుకని గొంతు తగ్గించాను.

"సరే సార్, మీరన్నట్టే కుదించేస్తా. కాకపోతే చివర్లో ఉన్న వీడియోలు గోడ కింద పడి తెగుతాయి. అల్ ఖోర్‌లో ఒకాయన పెళ్ళి వీడియో ఇలాగే తెగింది. పెళ్ళికూతురు మిగిలింది, తాళి మిగిలింది, ఆయన మాత్రం మెడ దాకే మిగిలాడు. తాళి కట్టిందెవరని వాళ్ళావిడ ఇప్పటికీ అడుగుతోందట."

ఆయన నవ్వలేదు. కారు తాళాలందుకుని ఎండలోకి పరుగెత్తాడు. కొత్త డిస్కు కొనుక్కొచ్చి, నా పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కో వీడియో తెరిచి తన తల ఉందో లేదో చూసుకుంటూ కాపీ చేశాడు. మల్లేశ్ సంచి పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆయన ఒక్కసారైనా అటు చూడలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటలాడతాయి.

డి చెరిపాను, సి పెంచాను, కాగితం వచ్చింది. "యల్లా, ఉరుకు" అన్నాను. మల్లేశ్ ఉరికాడు.

పార్టిషన్ ముట్టుకునే ముందు బ్యాకప్, అంటే మరోచోట నకలు, తీసుకోవాలని పుస్తకాలు చెబుతాయి. ఎవరిది పోతుందంటే పైవాళ్ళు లేచి కదులుతారో ఏ పుస్తకమూ చెప్పదు. మల్లేశ్ సెలవు పోతుందంటే పోనీ అన్న మనిషి, వీడియోలో తన తల పోతుందంటే పరుగెత్తాడు. అప్పటి నుంచి ఎవరినైనా బ్యాకప్ అడగాలంటే ముందు వాళ్ళ తల ఏ ఫైల్లో ఉందో వెతుకుతాను.

తర్వాత మల్లేశ్ ఒక ఫొటో పంపాడు. మేనమామ ఒళ్ళో గుండుతో పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కొత్త డి డ్రైవ్‌లో ఇప్పుడు అదొక్కటే ఉంది. వీడియోలు మళ్ళీ పెట్టమని సార్ అడిగినప్పుడల్లా, చోటు లేదంటాను.