తొట్టిలో రాళ్లు

మా ఖరగ్‌పూర్‌లో మంచు పడదు. పడి ఉంటే నాకు బుద్ధి ముందే వచ్చేది. రైల్వే ఉద్యోగం తాత, నాన్నలతోనే ఆగిపోయింది. నా వంతుకు మిగిలింది ఆరు చక్రాల పికప్: ముందు రెండు, వెనక ఒక్కోవైపు జోడు టైర్లు. తొట్టిలో ఎంత బరువేసినా కిమ్మనేది కాదు. ఇంటిల్లిపాదికీ అదే అన్నం పెట్టేది.

పోయిన చలికాలం సిక్కిం కొండల మీద ఒక హోటల్‌కు పరుపులు దించి, ఖాళీ బండితో తిరుగు ప్రయాణమయ్యాను. చక్రాలు ఎక్కువ కాబట్టి పట్టూ ఎక్కువే అనుకున్నాను. అంతా తలకిందులు. వెనక బరువు లేకపోతే ఆ నాలుగు టైర్లూ మంచులోకి దిగి కరవవు, పైపైనే తేలతాయి. జోడు టైర్ల సందులో మంచు కూరుకుపోయి గడ్డకట్టింది. చిన్న ఎత్తు దగ్గర బండి కదలక, చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి.

నాన్నకు ఫోన్ చేశాను. జీవితమంతా రైలింజను నడిపిన మనిషి.

"ఇంజను పట్టాల మీద జారకుండా ఎలాగెల్తాదిరా? బరువు! రాళ్లేరి తొట్టిలో ఎయ్యి. ఎనకాల, సివరకంటా ఎయ్యి" అన్నాడు.

వేశాను. బండి ఎక్కింది. "ఎక్కింది నాన్నా" అంటే ఫోన్‌లో ఆయన నవ్వు వినిపించింది. ఎత్తు దాటగానే పల్లం. బరువంతా తోక మీద ఉండి ముందు చక్రాలు తేలికైపోయాయి. స్టీరింగ్ తిప్పితే వినలేదు. బ్రేకు తొక్కితే వెనక బరువు తోసుకొచ్చింది. తలుపు తీసుకుని దూకాను. బండి లోయలోకి పోయింది.

ఇంటికొచ్చాక మా పేట న్యూ సెటిల్‌మెంట్ అంతా పలకరించింది. తలకొచ్చింది తలపాగాతో పోయిందన్నారు. ఆ తలపాగాయే మాకు కూడు పెట్టేదని వాళ్లకెవరు చెప్పాలి! నాన్న మాత్రం ఒక్కటే అడిగాడు.

"దిగీటప్పుడు రాళ్లున్నాయేట్రా?"

ఆ ముఖం చూసి నిజం చెప్పలేకపోయాను. "లేవు నాన్నా. ఎత్తెక్కీసినాక పారేసినాను" అన్నాను.

ఆయనకు ఊపిరి వచ్చింది. గుడి దగ్గరా టీకొట్టు దగ్గరా కనిపించినవాళ్లకల్లా "నా మాటినుంటే బండుండేది, దాదా" అని చెప్పుకున్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. బండి లేదు, పని లేదు, పైగా తండ్రి మాట వినని కొడుకునన్న పేరొకటి. ఒక్కోరోజు నేనూ బండితోపాటు పోయి ఉంటే బాగుండేదనిపించేది. ఆయనైనా తలెత్తుకు తిరుగుతున్నాడు కదా అని నోరు మూసుకున్నాను.

ఈ ఏడు చలి మొదలవగానే తాల్‌బగీచా నుంచి అక్కా బావా వచ్చారు. బావదీ ఆరు చక్రాల పికపే. అదే కొండకు కిరాయి దొరికిందట. నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"మంచులో ఖాళీ బండి జారతాది బాబూ. రాళ్లెయ్యండి. ఎనకాల సివరకంటా. మావోడు మద్దిలో తీసీసి బండి పోగొట్టినాడు. మీరు తియ్యకండి."

బావ శ్రద్ధగా తలూపుతున్నాడు. వంటింట్లో అక్క టీ పెడుతోంది.

"తియ్యలేదు నాన్నా" అన్నాను.

"ఏటి తియ్యలేదు?"

"రాళ్లు. దిగీటప్పుడూ తొట్టిలోనే ఉన్నాయి. పారేసినానన్నది అబద్ధం."

నాన్న కుర్చీ నా వైపు తిప్పాడు.

"ఎక్కడేసినావు?"

"నువ్వు సెప్పినకాడే, నాన్నా."