శనివారానికి దాచిన పెట్రోలు

వసుమతిగారికి కాదనడం రాదు. ఇర్వింగ్‌లో స్థిరపడి చాలా ఏళ్లయింది. నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. మన వాళ్లలో ఎవరింటికి చుట్టాలొచ్చినా ఎయిర్‌పోర్ట్‌కి ఆవిడ కారే వెళ్తుంది. మొదటిసారి దేశం దాటి వచ్చినవాళ్లను క్యాబ్‌లో రమ్మనడం మనకి మర్యాద కాదు. ఆ మర్యాదే ఒక శుక్రవారం ఆవిడ మెడకు చుట్టుకుంది.

యుద్ధం మొదలై అప్పటికి నాలుగో నెల. పెట్రోలు, ఇక్కడివాళ్ల మాటలో గ్యాస్, ముందు సైన్యానికి, తర్వాత ట్రక్కులకి, మిగిలితే మనకి. బంకుల్లో పంపులకి ప్లాస్టిక్ సంచులు తొడిగి ఉండేవి. ఎక్కడైనా ట్యాంకర్ వచ్చిందని తెలిసేలోపే లైను హైవే దాకా సాగిపోయేది.

ఆవిడ కారు మీద ఆధారపడిన మనిషి ఒకరున్నారు. యజ్ఞనారాయణగారు. చనిపోయిన భర్తకి స్నేహితుడు, వంతెనలు కట్టిన ఇంజనీరు. కిడ్నీలు రెండూ పాడైపోయాయి. మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్ జరగాలి. గొట్టాలకీ ఫిల్టర్లకీ కొరత వచ్చి దగ్గర్లోని సెంటర్ మూసేశారు. పేషెంట్లను ఫోర్ట్‌వర్త్ అవతలికి పంపారు. అక్కడికి బస్సు లేదు. క్యాబ్‌లు అంత దూరం రావడం మానేశాయి. ఒక రోజు తప్పితే మళ్లీ తన వంతు రోజు వచ్చేదాకా డయాలసిస్ కుర్చీ ఇవ్వరు. శనివారం తప్పితే మంగళవారమే. ఈలోపు నీరు ఊపిరితిత్తుల్లోకి చేరితే తట్టుకోలేరని డాక్టర్ ముందే హెచ్చరించాడు. అందుకే వసుమతిగారు ట్యాంకులో ఉన్నదాన్ని ముట్టుకోకుండా, ఆ ఎండలో కూరగాయలకి కూడా నడిచే వెళ్లారు.

శుక్రవారం మధ్యాహ్నం అదే వీధిలో ఉండే గౌరీశంకర్ భార్య స్పందన ఫోన్ చేసింది.

“ఆంటీ, అత్తయ్యావాళ్లు ఈవెనింగ్ ల్యాండ్ అవుతున్నారు. శంకర్ తన కార్‌లో గ్యాస్ ఆఫీస్‌కని దాచుకున్నాడు. వాళ్ల టీమ్‌లో లేఆఫ్స్ నడుస్తున్నాయి కదా, ఒక్కరోజు వెళ్లకపోయినా నోట్ చేస్తున్నారంట. మీరు పికప్ చేయగలరా? కుదరకపోతే పర్లేదు.”

“అలా అన్నాక కుదరదని ఎలా అంటాం చెప్పండి?” అన్నారు వసుమతిగారు తర్వాత నాతో.

ఎయిర్‌పోర్ట్ దగ్గరే కదా, రేపటికి మిగులుతుందని బయల్దేరారు. సైనిక విమానాలకి దారివ్వాలని మామూలు విమానాలని గంటల తరబడి ఆలస్యం చేశారు. కార్లు ఆగి ఎదురుచూసే స్థలం యుద్ధం మొదలవగానే మూసేశారు. టెర్మినల్ ముందు నిలబడనివ్వరు. ఆవిడ టెర్మినల్ చుట్టూ కారు తిప్పుతూనే ఉన్నారు. పెద్దవాళ్లని సూట్‌కేసులతో సహా ఇంట్లో దింపేసరికి పెట్రోలు అయిపోవచ్చిందని డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది.

పొద్దున్నే చుట్టుపక్కల బంకులన్నిటికీ ఫోన్ చేశారు. ఎక్కడా లేదు. యజ్ఞనారాయణగారు అప్పటికే డయాలసిస్‌లో చలికి కప్పుకునే దుప్పటి సంచిలో పెట్టుకుని ఆవిడ గుమ్మం ముందు కూర్చుని ఉన్నారు. వాచిన కాళ్లు బూట్లలో పట్టక చెప్పులేసుకున్నారు.

“ఏమ్మా, కారు బయటికి తియ్యలేదే?”

“అన్నయ్యగారూ, నిన్న ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాను. గ్యాస్ అయిపోయింది.”

“ఈ ఊళ్లో ఉన్న గోదావరి జిల్లా అంతా నీ డిక్కీలోంచి దిగిందే కదమ్మా,” అన్నారు ఆయన. నవ్వబోతే దగ్గొచ్చింది. “పోనీలే. ఈ ఒక్కసారికి మానేస్తాను. నీళ్లు తక్కువ తాగితే…” అని, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగిపోయారు.

ఆ ఆగడం చూసి వసుమతిగారు స్పందన ఇంటికి నడిచారు. డ్రైవ్‌వేలో గౌరీశంకర్ కారు ఉంది. లోపల నిన్న దిగిన పెద్దావిడ, స్పందన అత్తగారు, సూట్‌కేసు విప్పుతున్నారు.

“రండి వదినగారూ, మీ గురించే అనుకుంటున్నాం. అంతసేపు మా కోసం తిరిగారట. కాఫీ తాగండి.”

ఆవిడ కూర్చున్నారు. కాఫీ తీసుకున్నారు. పెద్దావిడ విమానంలో చలి గురించి చెప్తున్నారు. వసుమతిగారు తలూపుతున్నారు. ఇప్పుడు బయల్దేరితే కుర్చీ అందుతుంది. ఇంకాసేపైతే అందదు. అది తెలుస్తూనే ఉంది, నోరు మాత్రం రావడం లేదు. గ్లాసు సగంలో కింద పెట్టేశారు.

“శంకర్, నాకు నీ కారు కావాలి. ఇప్పుడే.”

స్పందన మొహం మారిపోయింది. “ఆంటీ, నిన్న చెప్పాను కదా.”

“చెప్పావమ్మా. అయినా అడుగుతున్నాను.” యజ్ఞనారాయణగారి సంగతి చెప్పారు.

గౌరీశంకర్ నేల చూశాడు. “మండే ఆఫీస్‌కి వెళ్లలేకపోతే నా పేరు లిస్ట్‌లో పడుతుంది ఆంటీ. జాబ్ పోతే వీసా కూడా పోతుంది. ఇప్పుడు హైరింగ్ ఎక్కడుంది?”

“తెలుసు బాబూ. ఆయన మా గుమ్మం ముందే కూర్చుని ఉన్నారు.”

“మమ్మల్ని తేవడానికేనా ఆ పెట్రోలు అయిపోయింది?” అన్నారు పెద్దావిడ.

గౌరీశంకర్ లేచి తాళాలు తీసుకున్నాడు. “మీకు ఈ కారు అలవాటు లేదు. నేను డ్రైవ్ చేస్తాను.”

ఏసీ వేయలేదు. అద్దాలు దించి, వేగం పెంచకుండా హైవే మీద కుడి పక్కనే నడిపాడు. వెనక సీట్లో యజ్ఞనారాయణగారు పడుకోలేక ముందుకు వంగి కూర్చున్నారు.

సెంటర్‌లో ఆయన కుర్చీ పక్కన ఇంకో పేషెంట్ నిలబడి ఉన్నాడు. ఖాళీ అయితే ఎక్కుదామని పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్న మనిషి. యజ్ఞనారాయణగారిని చూసి, వెళ్లి గోడవార కుర్చీలో కూర్చున్నాడు. సరుకు తక్కువుంది, ఈ రోజు మూడు గంటలే అంది నర్సు. సూది గుచ్చి, మెషీన్ తిరగడం మొదలయ్యాక వసుమతిగారు బయటికొచ్చారు.

గౌరీశంకర్ పార్కింగ్‌లో ఇంజన్ ఆపి, చెమటలు కక్కుతూ పెట్రోలు ముల్లు కేసి చూస్తున్నాడు.

“ఇంటికి సరిపోతుంది ఆంటీ. మండేకి డౌటే. మరి ట్యూస్‌డే?”

వసుమతిగారు కారు నీడలో నిలబడి ఫోన్ తీశారు. తను ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చిన చుట్టాల ఇళ్ల నంబర్లన్నీ అందులో ఉన్నాయి. మొదట దొరికిన నంబరు కొట్టారు. అవతల ఎత్తగానే కుశల ప్రశ్నలకి తావివ్వలేదు.

“శ్యామ్‌సుందర్‌గారూ, వసుమతిని. మీ కార్‌లో గ్యాస్ ఎంతుంది?”