దుమ్ముకు అరసీసా పాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కూరలో ఉప్పు తగ్గితే వస్తుంది, బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే వస్తుంది. కానీ నిజంగా రావలసిన చోట ఒకసారి రెండేళ్లపాటు రాలేదు. ఆ రెండేళ్ల గురించే ఇది.

అరవైల చివర్లో మేమిద్దరం ఇంగ్లండులో లీడ్స్ చేరాం. మావారు అక్కడి పెద్దాసుపత్రిలో రిజిస్ట్రారు, అంటే స్పెషలిస్టు కింద పనిచేసే డాక్టరు. మా ఇంట్లో పంచాంగం కన్నా ఆయన డ్యూటీల పట్టీకే విలువ ఎక్కువ, ఉగాది కూడా ఆయనకు సెలవున్న రోజే వచ్చేది. నేను గుంటూరులో డాక్టరీ చదువుకుని, ఛాతీ జబ్బుల వార్డులో పనిచేసి వచ్చినదాన్ని. ఏ ఆసుపత్రికి అప్లికేషను పెట్టినా ఒకటే ప్రశ్న: మీ గురించి ఉత్తరం రాయగల డాక్టరు ఈ దేశంలో ఎవరైనా ఉన్నారా? ఉత్తరం కావాలంటే ఉద్యోగం చేసి ఉండాలి, ఉద్యోగం కావాలంటే ఉత్తరం ఉండాలి. ఇలా ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుని కనబడిన ప్రతిదాని మీదా చిరాకు పడ్డాను.

ఆ ముడి విప్పినవాడు ఒక పెద్ద డాక్టరు. లీడ్స్ నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో ఒక చిన్న ఊళ్లో ఆయన జీపీ, అంటే ఊరందరి ఇంటి డాక్టరు. దాంతోపాటు ఆ ఊరి ఫ్యాక్టరీకి కంపెనీ డాక్టరు కూడా. వయసు మీద పడింది, గోల్ఫు మీద మనసు పడింది, అందుకని ఫ్యాక్టరీ మెడికల్ రూములో వారానికి మూడు పూటలు కూర్చునే మనిషి ఆయనకు కావాలి. ఒక ఏడాది చేస్తే మంచి ఉత్తరం రాసిస్తానన్నాడు. మెత్తటి మాట, వెండిలాంటి జుట్టు. మా పెదనాన్నగారు గుర్తొచ్చారు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే అడ్డు చెప్పకూడదని పెరిగిన పిల్లకి అంతకన్నా ప్రమాదకరమైన పోలిక ఇంకొకటి ఉండదు.

ఆవిరి గొట్టాల చుట్టూ చుట్టే ఆస్బెస్టాస్ గుడ్డ నేసే ఫ్యాక్టరీ అది. దూది ఏకినట్టు ఆ పీచును ఏకే షెడ్డు ఒకటి ఉండేది. కిటికీలోంచి ఎండ పడితే గాలంతా తళతళలాడేది. చూడ్డానికి ఎంత బాగుండేదో చెప్పలేను. ఆ తళతళ అంతా లోపలున్న మనుషులు పీల్చేదే. గోడకి మేకులు, మేకులకి మాస్కులు ఉండేవి. ఇన్‌స్పెక్టరు వస్తున్నట్టు ముందే ఉత్తరం వచ్చేది. ఆ పూట మాస్కులు ముఖాల మీదికి వచ్చేవి, ఆయన కారు గేటు దాటగానే మళ్లీ మేకులకి చేరేవి. ఫ్యాక్టరీకి సేఫ్టీ కమిటీ కూడా ఉంది, నేను అందులో సభ్యురాలిని. నేనున్నన్నాళ్లూ మేము ముఖ్యంగా చర్చించింది క్యాంటీన్‌లో నేల జారుతోందన్న విషయం.

దుమ్ముకు మాత్రం మందుంది. పాలు. షెడ్డులో పనిచేసే ప్రతి మనిషికీ పొద్దున పదింటికి అరసీసా పాలు కంపెనీ ఇచ్చేది. పాలు దుమ్మును కడిగేస్తాయని యజమానుల తాతల నాటి నుంచీ నమ్మకం. తాగినవాళ్ల పేరుకి ఎదురుగా క్యాంటీన్ ఆవిడ పెన్సిలుతో టిక్కు పెట్టేది.

ఇక్కడ నా తెలివితేటల గురించి చెప్పాలి. ఇంకే డాక్టరయినా ఆ పాలు చూసి నవ్వేవాడేమో. నేను నవ్వలేదు, మురిసిపోయాను. మా వైపు రైసు మిల్లుల్లో తవుడు దుమ్ములో పనిచేసే వాళ్లంతా పని అయిపోయాక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటారు, దుమ్ము దిగిపోతుందని. మా అమ్మ ఇల్లు దులిపిన రోజు మాకందరికీ బెల్లం పెట్టేది. తాగింది పొట్టలోకి పోతుంది, పీల్చింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఈ రెండు దారులూ వేరని మొదటి సంవత్సరంలోనే శవాన్ని కోసి చూశాను. పరీక్ష కూడా పాసయ్యాను. అయినా ఆ చదువు ఒక అరలో, అమ్మ బెల్లం ఇంకో అరలో హాయిగా ఉండిపోయాయి.

కంపెనీ ఆరోగ్య వారం పెట్టి, కార్మికులకు నాలుగు ముక్కలు చెప్పమంది. క్యాంటీన్‌లో బల్లెక్కి చెప్పాను. పాలు మంచివన్నాను. మా దేశంలో బెల్లం తింటారన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ వారం కంపెనీ పత్రికలో నా ఫొటో, చీర మీద తెల్లకోటుతో, చేతిలో పాలసీసాతో వచ్చింది. దాన్ని పటం కట్టి క్యాంటీన్‌లో పెట్టారు. మావారికి చూపిస్తే, "అచ్చం పాల కంపెనీ ప్రకటనలాగే ఉన్నావే" అన్నారు. మెచ్చుకున్నారనే అనుకున్నాను.

ఆ తర్వాతి నెలలో నా దగ్గరికి ఏకే షెడ్డు నుంచి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పదహారో ఏట నుంచీ అదే షెడ్డు. ఆ ఊళ్లో బస్సు కండక్టరు దగ్గర్నుంచి అందరూ అందర్నీ 'లవ్' అనే పిలుస్తారు, మొదట్లో నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆవిడా అలాగే మొదలుపెట్టింది.

"చర్చిలో పాడతాను లవ్. ముప్పై ఏళ్లుగా పాడుతున్నాను. ఇప్పుడు చరణం చివరికి వచ్చేసరికి గాలి చాలట్లేదు. పక్కావిడ చూస్తోంది."

వీపు మీద స్టెతస్కోపు పెట్టాను. అడుగున, ఊపిరి పీల్చడం పూర్తయ్యే చోట, సన్నగా చిటపటలు వినిపించాయి. ఎక్స్‌రే తీయించాను. అడుగు భాగాలు రెండూ సాలెగూడు కట్టినట్టున్నాయి. ఈ ఫొటో చదవడానికి నాకు ఎవరి ఉత్తరమూ అక్కర్లేదు.

ఆవిడ అడిగింది ఒక్కటే. "ప్యాకింగ్ రూములో ఒక చోటు ఖాళీ అయింది. అక్కడ దుమ్ముండదు. మీరు ఒక ముక్క రాస్తే మార్చేస్తారు. రాయాల్సినంత ఉందా?"

ఉంది. రాయలేదు. ఫిల్ములు కంపెనీవి, వాటిలో ఏముందో ముందు పెద్ద డాక్టరుకి చెప్పాలి, కార్మికులకు చెప్పాలో వద్దో ఆయన నిర్ణయిస్తాడు. అదీ పద్ధతి. ఆయన ఫిల్ము వెలుతురుకు పట్టి చూసి, "సిగరెట్లు తాగుతుందేమో" అన్నాడు. తాగదన్నాను. "వాళ్లాయన తాగుతాడేమో" అన్నాడు. తర్వాత నా భుజం తట్టి, "వాళ్లని భయపెట్టకూడదమ్మా. ఒకళ్లని మారిస్తే రేపు షెడ్డంతా వచ్చి నీ గుమ్మం ముందు నిలబడుతుంది. వచ్చే ఏడాది ఇంకో ఫిల్ము తీద్దాం" అన్నాడు. గంగిరెద్దులా తల ఊపి వచ్చాను. ఆవిడతో, "కొంచెం బ్రాంకైటిస్" అన్నాను. "పాలు మానకండి" అని కూడా అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఇంట్లో మావారితో చెబితే, "ఉత్తరం చేతికొచ్చేదాకా ఓపిక పట్టు, నీకెందుకా గోల" అన్నారు. కోపం రావలసింది. రాలేదు. ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని నేనే ఎదురుచూస్తున్నాను.

ఏడాది గడిచింది, ఉత్తరం రాలేదు, రెండో ఫిల్ములో సాలెగూడు పైకి పాకింది. ఇంకో ఏడాది గడిచింది. ప్యాకింగ్‌లో ఖాళీ అయిన చోటులోకి ఫోర్‌మన్ కోడలు వచ్చింది. షెడ్డులో ఉండిపోయిన ఆవిడ చర్చిలో పాడటం మానేసి, పాటల పుస్తకాలు పంచే పనిలోకి మారింది. చివరికి ఎవరో చెబితే, తనంతట తానే నష్టపరిహారం కోసం, పని వల్ల వచ్చే ఛాతీ జబ్బులు తేల్చే సర్కారు బోర్డుకి దరఖాస్తు పెట్టుకుంది. బోర్డు వాళ్లు కంపెనీని వివరాలు అడిగారు. పెద్ద డాక్టరు జవాబు రాశాడు. దాని నకలు ఫైల్లో పెట్టబోతూ చదివాను.

పాత బ్రాంకైటిస్ అని రాశాడు. ఇంతవరకు నాకు తెలిసిందే. కింద ఇంకో పేరా ఉంది. ఈ కార్మికురాలు ఆరోగ్యం కోసం కంపెనీ ఇచ్చే పాలను క్రమంగా తీసుకోలేదని టిక్కులే చెబుతున్నాయట. ఛాతీ జబ్బుల్లో ప్రత్యేక అనుభవమున్న మా లేడీ డాక్టరు స్వయంగా సలహా ఇచ్చినా పెడచెవిన పెట్టిందట. సాక్ష్యంగా పత్రికలోని నా ఫొటో జతచేశాడు. ఆవిడకి పాలు పడవు. సీసా ఇంటికి తీసుకెళ్లి పిల్లికి పోసేది. ఊళ్లో అందరికీ తెలుసు.

అప్పుడొచ్చింది నా కోపం, రెండేళ్ల బాకీ తీర్చుకుంటూ. ఆయన మీదనే అనుకున్నాను. ఫిల్ముల బీరువా తాళం నా దగ్గరే ఉండేది. మూడు ఫిల్ములూ కవర్లో పెట్టి, నేను విన్నదీ చూసిందీ తేదీలతో సహా రాసి, పాలకూ ఊపిరితిత్తులకూ సంబంధం లేదని, ఆరోజు బల్లెక్కి చెప్పింది నా తెలివితక్కువతనమని కింద సంతకం పెట్టి, బస్సెక్కి వెళ్లి బోర్డు ఆఫీసులో ఇచ్చాను. ఆ మర్నాటి నుంచి ఫ్యాక్టరీకి నా అవసరం లేకపోయింది. పెద్ద డాక్టరు చివరిసారి కూడా మెత్తగానే మాట్లాడాడు. ఫిల్ములు కంపెనీ ఆస్తి అన్నాడు. ఊపిరితిత్తులు ఎవరి ఆస్తి అని నేను అడగలేదు, ఆ మాట మెట్లు దిగాక తోచింది.

మావారు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "కవరు నేనిచ్చి రావాల్సింది, వానలో వెళ్లావు" అన్నారు.

కొన్ని నెలలకు ఆవిడ కబురు పంపితే వాళ్లింటికి వెళ్లాను. బోర్డు ఉత్తరం వచ్చింది. ఆస్బెస్టోసిస్ అని తేల్చారు. పని వల్లనే వచ్చిందనీ రాశారు. మనసులో పొంగిపోయానని ఒప్పుకోవాలి. ఒక మంచి పని చేసి, దానికి కృతజ్ఞతలు అందుకోవడానికి వచ్చిన మనిషిలాగే కుర్చీలో కూర్చున్నాను. టీ పెట్టి ఇచ్చింది. వంటగది నుంచి ఆ నాలుగడుగులూ వచ్చేసరికి ఆయాసం వచ్చి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"నా జబ్బుకి ఇంత పెద్ద పేరుందని ఇప్పుడే తెలిసింది. ఒకసారి పలకండి లవ్."

పలికాను. నాతో పాటు పలికింది. ఉత్తరం మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

అబద్ధం సిద్ధంగానే ఉంది, ఇన్నేళ్ల అలవాటు. కానీ ఆ ఉత్తరంలో నా ఫిల్ముల తేదీలున్నాయి.

"మీరు మొదటిసారి వచ్చిన రోజు నుంచి," అన్నాను.

ఆవిడ కేకలేస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది.

"అయితే నేను ఆ ప్యాకింగ్ రూములో రెండేళ్లు కూర్చుని ఉండేదాన్ని," అంది.