హారతికి పర్మిట్టు

నిప్పంటుకోకుండా చూసే ఉద్యోగంలో నన్ను పెట్టిన మొదటి రోజున ఏం జరిగిందో ఇప్పుడు చెప్పబోతున్నాను. గుండె చిక్కబట్టుకోండి. మనుషులెవరికీ ఏమీ కాలేదు, అది ముందే చెప్పేస్తున్నాను. ఒక వస్తువు మాత్రం దక్కలేదు. అది నాదైతే నేను కూడా మీతో కలిసి హాయిగా నవ్వుకునేదాన్ని. నాది కాకపోవడమే ఈ కథలో అసలు కష్టం.

అప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్లు. ఐటీఐలో వెల్డర్ ట్రేడు పాసై, మా అక్క మొగుడు ఎల్లయ్య బావ గ్యాంగులో చేరాను. గ్యాంగంటే ఏదో పెద్ద దండు అనుకునేరు. బావ, కిష్టన్న అనే పెద్దాయన, నేను, ఒక వెల్డింగ్ మిషను. మాలో చెప్పిన మాట వినేది మిషనొక్కటే.

పినపాక దాటాక అడవి అంచున ఒక షావుకారి తునికాకు గోడౌను ఉంది. బీడీలు చుట్టే ఆకు అదే. పైకప్పు ఇనుప దూలాలు తుప్పు పట్టాయి, కొత్త ఆకు వచ్చేలోపు వెల్డింగ్ చేసి నిలబెట్టాలి. బావ ఆ పని ఒప్పుకుని వచ్చాక, గోడౌను మేనేజరు ఒక మెలిక పెట్టాడు.

"ఎండాకుల నడుమ వెల్డింగంటే ఆటలా? సేఫ్టీ ట్రైనింగు కార్డున్న మనిషి మీల ఒక్కరన్న ఉండాలె. లేకుంటే మిషిను గేటు దాటది."

బావ ఇంటికొచ్చి తల పట్టుకున్నాడు. "చండ్రుగొండ షెడ్డు పని వద్దని చెప్పొచ్చిన. ఇది గిట్ల పోతే రెండు నెలలు ఇంట్ల కూసునుడే" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. "సరితా, నువ్వు పోవే ఆ ట్రైనింగుకు. నాకు, కిష్టన్నకు అక్షరం చూస్తే నిద్రొస్తది."

అలా ముగ్గురి రెండు నెలల తిండి నా నోటుబుక్కు మీద పడింది.

ట్రైనింగు ఒక ఫంక్షన్ హాల్లో, రెండు రోజులు. చెప్పడానికొచ్చిన సేఫ్టీ సారుది సత్తుపల్లి. మాట మెత్తన, రూలు గట్టి. వెల్డింగ్ చేసేచోట ఫైర్ వాచ్ అని ఒక మనిషి ఉండాలని చెప్పారు. నిప్పు కాపలా అన్నమాట.

"ఫైర్ వాచ్ వెల్డింగ్ చేయకూడదు, రాడ్ అందించకూడదు, ఫోన్ చూడకూడదు. రవ్వలు ఎక్కడ పడుతున్నాయో చూడటమే పని. వెల్డింగ్ ఆగాక కూడా అరగంట అక్కడే ఉండాలి."

నేను చెయ్యెత్తాను. "పని అయిపోయినంక ఏం చూడాలె సార్?"

"నిప్పు."

"కనబడితే?"

"ఆర్పాలి."

"కనబడకపోతే?"

"చూస్తూనే ఉండాలమ్మా."

"దేన్ని సార్? లేనిదాన్నా?"

"లేదని తేలేదాకా."

నాకు తల తిరిగింది. ఏమీ జరగకపోతే నేను పని చేసినట్టు. ఏదైనా జరిగితే చేయనట్టు. మరి ఊరికే కూర్చున్న మనిషికీ నాకూ తేడా ఏమిటి? అడుగుదామనుకున్నాను గానీ, అప్పటికే సారు నా వైపు చూడటం మానేశారు.

"ఒకటి గుర్తుపెట్టుకోండి" అన్నారు అందరితో. "మంట వెల్డింగ్ చేసేటప్పుడు రాదు. అంతా అయిపోయిందనుకుని టీ తాగుతుంటారే, అప్పుడొస్తుంది."

అందరం రాసుకున్నాం. ఇంకా చాలా రాసుకున్నాం. మంట వెలిగే ఏ పనికైనా ముందు పర్మిట్టు కాగితం ఉండాలి. చుట్టూ పదకొండు మీటర్ల లోపు కాలే వస్తువు ఉండకూడదు. చెత్త ఊడ్చి పక్కన కుప్ప పెడితే చాలదు, ఎత్తి బయట పారేయాలి. ఈ చివరి మాట కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశాను. ఆ గీతలు మరిచిపోకండి. నేను మరిచిపోయాను.

పరీక్షలో నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. కానీ కార్డు అప్పుడే చేతికివ్వలేదు. గోడౌనులో మొదటి రోజు పని సారు స్వయంగా వచ్చి చూస్తారు, అంతా సరిగ్గా ఉంటే అక్కడే సంతకం. లేకపోతే కార్డూ లేదు, పనీ లేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఫైర్ వాచ్ అసలు మనుషులనే ఎరగదు. ఆ రోజు తెల్లారగానే గోడౌనులో దిగి, ముందు కిష్టన్న మీద పడ్డాను.

"కిష్టన్నా, జేబుల ఏముంది?"

"బీడీ కట్ట."

"ఇటియ్యి. అగ్గిపెట్టె కూడ."

"బీడీ ఆకు గోడౌన్ల బీడీ వద్దంటవా బిడ్డా? గుళ్లె ప్రసాదం వద్దన్నట్టుంది."

"రూలు!"

"ఏందో ఈ రూలు" అంటూ ఇచ్చాడు. బావ జేబులోని అగ్గిపెట్టె కూడా లాక్కుని నా యాప్రాన్ జేబులో వేసుకున్నాను. ఆ గోడౌను మొత్తం మీద ఇప్పుడు నిప్పు పుట్టించగలిగే మనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి నాకు తట్టలేదు.

నిరుటి ఆకు బస్తాలు కొన్ని లోపలే మిగిలాయి. వాటిని దూరంగా ఆ చివరికి జరిపించాను. "తడి గోనెలు కప్పుదాం" అంటే మేనేజరు ఒప్పుకోలేదు. "నీళ్లు తగిలితే ఆకు పోతది" అన్నాడు. "నిప్పు తగిలితే గోడౌనే పోతది" అని నేను. చివరికి నిప్పంటని దుప్పటి కప్పి ఇద్దరం చల్లబడ్డాం. తర్వాత నేల ఊడ్చాను. ఎండిన ఆకు ముక్కలు, దుమ్ము, సుతిలి తాడు పోగులు పెద్ద కుప్పయ్యాయి. పక్క తలుపు గడప దాకా తోసి, సారొచ్చేలోపు ఎత్తుదాంలే అని చీపురు దానిమీదే పెట్టాను.

సారు ముందు తలుపులోంచి వచ్చారు. నీళ్ల బకెట్లు, ఇసుక, మంటలార్పే ఎర్ర సిలిండరు అన్నీ చూశారు. పర్మిట్టు చదివి "బావుందమ్మా" అన్నారు. బావ ముఖం వెలిగింది. "కరెంటు బోర్డు చూసొస్తాను, అప్పటిదాకా రాడ్ అంటించొద్దు" అని చెప్పి బయటికి వెళ్లారు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. కొత్తచోట మొదటి రాడ్ అంటించే ముందు మిషనుకు బొట్టు పెట్టి కర్పూరం వెలిగించకపోతే మా బావ చెయ్యి ఆడదు. ఆ హారతి పని, నేను గ్యాంగులో చేరినప్పటి నుంచీ నాదే. బావ బూట్లు విప్పాడు. బూట్లతో దేవుడి ముందు నిలబడతారా ఎవరైనా? కిష్టన్న విప్పాడు, నేనూ విప్పాను. మూడు జతలూ పక్క తలుపు దగ్గర పెట్టాం. మిషను మీద కర్పూరం బిళ్ళ పెట్టి, యాప్రాన్ జేబులోంచి అగ్గిపెట్టె తీసి గీశాను. బిళ్ళ అంటుకుంది. పుల్లను ఉఫ్‌మని ఊది భుజం మీదుగా వెనక్కి పారేశాను.

కొంచెమైనా అనుమానం రాలేదా అని అడుగుతారు. ఒట్టు, రాలేదు. రెండు రోజులు నేర్చుకున్న నిప్పు వెల్డింగ్ నిప్పు. హారతి నిప్పెలా అవుతుంది? అది దేవుడు కదా!

సరిగ్గా అప్పుడే సారు పక్క తలుపులోంచి వచ్చారు. మేం కళ్లు మూసుకుని దండం పెట్టి ఉన్నాం. ఆయన చూశారు, చటుక్కున బూట్లు విప్పేశారు, మా బూట్ల పక్కన వదిలేశారు, గబగబా వచ్చి రెండు చేతులూ మంట మీద చూపి కళ్లకద్దుకున్నారు. అద్దుకున్న చేతులు అలాగే ఆగిపోయాయి.

"అమ్మా, ఇదేంటి?"

"హారతి సార్."

"ఇది నిప్పు కదా?"

"కర్పూరం సార్."

"వెలుగుతోందా లేదా?"

"వెలుగుతుంది సార్."

"పర్మిట్టులో రాశావా?"

"పర్మిట్టు పనికి కద సార్. ఇది పని కాదు."

"మరేంటి?"

నేను బావ వైపు చూశాను. బావ కిష్టన్న వైపు చూశాడు. కిష్టన్న మిషను వైపు చూసి, "పనికి ముందటి పని సార్" అన్నాడు.

సారు సంచిలోంచి రూల్సు పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పారు. కర్పూరం ఈలోగా దానంతటదే ఆరిపోయింది.

"హారతి ఇయ్యొద్దని ఉన్నదా సార్ అండ్ల?" బావ భయంగా అడిగాడు.

"వద్దని లేదు. ఇవ్వొచ్చనీ లేదు."

"మీరు కూడ కండ్లకద్దుకున్నరు గద సార్" అన్నాడు కిష్టన్న.

"అదే ఆలోచిస్తున్నాను. నేనెందుకు అద్దుకున్నాను?"

ఆయన అయోమయం చూసి కాస్త ఆశ పుట్టింది గానీ, వెంటనే ఆయన జేబులోని పెన్ను తీసి సంచిలో పడేశారు. "లేదమ్మా. మంట మంటే. కార్డు ఇవ్వలేను."

బావ వంగి కేబులు చుట్టడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది. నా ఒక్క అగ్గిపుల్లతో రెండు నెలల పని కాలిపోయిందనిపించి ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే నోటుబుక్కు గుర్తొచ్చింది.

"సార్, మంట వెలిగింది, ఆరింది. ఆరినంక అరగంట కాపలా ఉండాలె కద? ఆ అరగంట నన్ను చెయ్యనియ్యండి. తర్వాత పొమ్మంటే పోతం."

సారు "రూలు ప్రకారం అంతే" అని ఒప్పుకుని, గడియారం చూసుకుని, ఒక ఇనుప స్టూలు మీద కూర్చున్నారు.

ఇక చూడండి ఆ దృశ్యం. కర్పూరం మిగిల్చిన వేలిగోరంత నల్లమచ్చ చుట్టూ నలుగురం వట్టి కాళ్లతో కాపలా. నేను రెప్ప వేయకుండా దాన్నే చూస్తున్నాను. పావుగంట గడిచింది. ఇరవై నిమిషాలు కావస్తుండగా ఏదో వాసన తగిలింది.

"కిష్టన్నా! బీడీ ముట్టించినవ్!"

"కట్ట నీ దగ్గర్నే ఉన్నది గద బిడ్డా!"

"ఇంకోటి ఏడ దాచినవ్?"

"ఏడ దాస్త? నా తువ్వాల దులిపి చూస్కో!"

దులిపాను. ఏమీ రాలలేదు. బావ ముక్కు ఎగబీల్చాడు. "బీడీ కాదే ఇది. తోలు వాసన."

నలుగురం ఒకేసారి వెనక్కి తిరిగాం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు, మా దగ్గర ముందు ఆకులే కాలుతున్నాయి. నేను ఎత్తకుండా వదిలేసిన కుప్పలోంచి, నేను విసిరేసిన అగ్గిపుల్ల పుణ్యాన, సన్నటి పొగ లేస్తోంది. దాని అంచున పడి ఉంది సారు ఎడమ బూటు, లోపల సాక్సుతో సహా. పొగ అందులోంచి తీరిగ్గా బయటికొస్తోంది.

"నా బూటు!" అని సారు ఉరికారు. నేను సిలిండరు ఎత్తుకుని ఉరికాను. నేర్పినట్టే పిన్ను లాగాను, నేర్పినట్టే మంట మొదట్లోకి గురిపెట్టాను, నేర్పినట్టే అటూ ఇటూ ఊపాను. మంట మొదట్లోకి సారు వంగి ఉంటారని మాత్రం ఎవరూ నేర్పలేదు. సిలిండర్లోంచి చిమ్మిన పొడి కిందికి దిగేసరికి సారు ముగ్గుపిండి డబ్బాలో పడ్డ పిల్లిలా ఉన్నారు.

ఆయన బూటు ఎత్తి, అడుగున పడ్డ చిల్లులోంచి వేలు బయటికి పెట్టి చూసుకున్నారు.

"ఇది ఎవరంటించారు?"

"నేనే సార్."

"ఎవరు కనిపెట్టారు?"

"నేనే... అంటే, అందరం సార్."

"ఎవరు ఆర్పారు?"

"నేనే సార్."

కంచె చేను మేసిందంటారు. ఈ కంచె మేసి, మళ్లీ దొంగ దొంగ అని తనే అరిచింది. బావ చేతులు జోడించాడు. "సార్, పిల్లది తప్పయింది. మా మిషిను తీస్కొని పోతం."

"ఆగవయ్యా" అన్నారు సారు, కనుబొమ్మల మీది పొడి తుడుచుకుంటూ. "పదేళ్లుగా చెబుతున్నాను, మంట అంతా అయిపోయిందనుకున్నాకే వస్తుందని. అందరూ రాసుకుంటారు, ఒక్కరూ నమ్మరు. నిజం చెప్పాలంటే, నా కళ్లతో నేనూ ఎప్పుడూ చూడలేదు. ఈ అరగంట కూర్చోకపోయుంటే?"

అందరం ఆ చివరనున్న ఆకు బస్తాల వైపు చూశాం. లేనిదాన్ని ఎందుకు చూడాలో ఆ క్షణంలో నాకు అర్థమైంది.

కుప్పంతా నాతోనే బయటికి ఎత్తించి, నీళ్లు కొట్టించి, ఆ మంటకు ఇంకో అరగంట కాపలా పెట్టించారు సారు. తర్వాతే పెన్ను మూత తీసి నా కార్డు మీద సంతకం పెట్టారు. ఒంటి బూటుతో కుంటుకుంటూ వెళ్లి బండెక్కారు. పైకప్పు పని కొత్త ఆకు రాకముందే పూర్తయింది.

ఇప్పుడు ప్రతి ట్రైనింగులో ఆ కాలిన బూటు బల్ల మీద ఉంటుంది. కార్డు రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఒక కొత్త కుర్రాడు నా పక్కనే కూర్చుని "ఎవలక్కా ఆ తెలివితక్కువది?" అని అడిగాడు. "ఎవలో ఏమో తమ్ముడూ" అని అందరికంటే గట్టిగా నవ్వాను.

భద్రాద్రి రామయ్య సాక్షిగా, నా వెల్డింగ్ మిషను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పర్మిట్టు లేకుండా దేవుడికైనా నిప్పు చూపను. కాగితంలో "పని: హారతి, కర్పూరం ఒక బిళ్ళ" అని రాస్తాను. అగ్గిపుల్లను నీళ్ల బకెట్లో ముంచి కానీ పారేయను. హారతి ఆరిన అరగంటకు గానీ బావను రాడ్ ముట్టుకోనివ్వను. బావ గొణుక్కున్నా సరే.

సారుకు మాత్రం నా ప్రమాణం మీద నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ మా పని చూడటానికి వచ్చినప్పుడు హారతి వేళైతే బూట్లు విప్పుతారు, రెండూ చంకలో పెట్టుకునే వచ్చి కళ్లకద్దుకుంటారు.